మాల్టాకి పన్నెండు, నాకు ఆరు

మొన్న నా చిన్ననాటి స్నేహితుడు బాలశౌరి పోయాడని కబురొస్తే నరసరావుపేటలో మొదటి బస్సు పట్టుకుని ఊరెళ్ళాను. మా ఊరు గురజాలకు పడమరగా ఉంటుంది. సమాధిలో తలా పిడికెడు మన్ను వేసి బయటికి వస్తుంటే చేతికర్ర పట్టుకున్న ముసలాయన ఒకాయన దారికి అడ్డం నిలబడి నా మొహంలోకి వంగి చూశాడు. ఆయనది బొల్లాపల్లి. "నువ్వు ఆరు గోల్స్ చిన్నప్పవి కాదూ?" అన్నాడు. అవునన్నాను. "నేను పోయేలోపల నిన్నోసారి చూడాలనుకున్నాలే" అని నవ్వి, భుజం తట్టి వెళ్ళిపోయాడు. ముప్పై ఏళ్ళ పైచిలుకు పిల్లలకు లెక్కలు చెప్పాను. ఇల్లు కట్టాను, ఇద్దరు కూతుళ్ళను చదివించాను. అవేవీ ఆయనకు అక్కర్లేదు, ఆ ఆరు గోల్స్ మాత్రం గుర్తున్నాయి. నాకు కోపం రాలేదు గానీ బస్సులో కూర్చున్నాక నవ్వూ రాలేదు. ఈ సంగతి రాస్తే నొచ్చుకునేవాళ్ళు నలుగురు ఉండేవాళ్ళు. బాలశౌరితో ఆ నలుగురూ అయిపోయారు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

పల్నాట్లో ఫుట్‌బాల్ ఏమిటని అడుగుతారు. మా కథోలిక మిషను ఊళ్ళకు అది జపమాలతో పాటే వచ్చింది. బంతి మోసుకొచ్చినాయన కార్మెల్ ఫాదర్. ఆయనది మాల్టా. మ్యాపులో వేలు పెడితే వేలి కింద దాక్కుండిపోయే దేశం, సముద్రం మధ్యలో నాలుగు రాళ్ళు. కుర్రతనంలోనే మా ఊరొచ్చి, నాపరాళ్ళ క్వారీలో పనిచేసే వాళ్ళ దగ్గర తెలుగు నేర్చుకున్నాడు. దాంతో ఆయన ప్రసంగం చెబుతుంటే పక్క ఊళ్ళ నుంచి వచ్చిన చదువుకున్నవాళ్ళు తలలు దించుకునేవాళ్ళు. "ఒరేయ్, దేవుడు నీకేం తక్కువ చేశాడ్రా, ఏందిరా నీ ఏడుపు?" అని పూజ మధ్యలోనే అడిగేవాడు. చుట్ట కాల్చేవాడు, అదీ మా ఊరి చుట్టే. ఆయన దగ్గరికి ఎవరన్నా వెళ్తే ముందు పొగాకు వాసన, ఆ వెనక కొవ్వొత్తి మైనం వాసన వచ్చేవి. మా పెద్దవాళ్ళు ఆయన్ని సాములోరు అనేవాళ్ళు, మేం ఫాదర్ అనేవాళ్ళం.

ఆయన మా ఊళ్ళో ఎందుకు అంత తేలిగ్గా ఇమిడిపోయాడో నాకు చాలా కాలానికి తెలిసింది. వాళ్ళ దేశంలో కూడా నేలంతా సున్నపురాయేనట. వాళ్ళ జాతీయ జట్టు ఏళ్ళ తరబడి ఆడిన మైదానంలో గడ్డిపోచ ఉండేది కాదట, అంతా గట్టి ఇసక, మట్టి. పెద్ద పెద్ద దేశాల ఆటగాళ్ళు దాని మీద జారిపడి మోకాళ్ళు చెక్కుకుపోయి తిట్టుకుంటూ విమానం ఎక్కేవాళ్ళట. మా బడి వెనక సుద్దనేలను చూడగానే ఆయనకు ప్రాణం లేచొచ్చిందట. ఆదివారం సాయంత్రాలు మిషను బంగళా వసారాలో కూర్చోబెట్టి ఆయన నాచేత వాళ్ళ జట్టు చరిత్ర తెలుగులో రాయించేవాడు. ఆయనకు తెలుగు మాట్లాడటం వచ్చుగానీ రాయడం రాదు, నా దస్తూరీ బాగుంటుందని ఊళ్ళో పేరు. తొలి మ్యాచ్ ఆస్ట్రియాతో. మూడు-రెండుతో ఓడారు. ఇంగ్లండు వాళ్ళు వచ్చి కిందామీదా పడి ఒక్కటంటే ఒక్క గోలుతో గెలిచి పోయారు. గ్రీసును రెండు కొట్టి పంపారు. పశ్చిమ జర్మనీ వచ్చింది, ఒక్క గోలు కూడా కొట్టలేక వెళ్ళింది. అది చెప్పేటప్పుడు ఆయన లేచి నిలబడేవాడు, నేను రాయడం ఆపి ఆయన్నే చూసేవాణ్ణి. ఈ నాలుగైదు ముచ్చట్లు పక్కన పెడితే తక్కినదంతా ఓటమే. "చానాసార్లు ఓడాం రా చిన్నప్పా. ఓడటం తప్పు కాదు. మా వాళ్ళు ఆట అమ్ముకున్నారని మాత్రం ఇంతవరకు ఒక్కడు అనలేదు. అది రాయి, కింద గీత గియ్యి" అనేవాడు. గీశాను.

మా నాన్న సున్నపు బట్టీలో పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా ఉండేవి. పచ్చి సున్నం మీద నీళ్ళు పడితే ఒళ్ళు కాలుతుంది. అందుకని ముందు ఆముదం రాసుకుని, పాతగుడ్డతో తుడుచుకుని, ఆ తర్వాతే నీళ్ళు పోసుకునేవాడు. అంతవరకు మమ్మల్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. మా నాయనమ్మ ఆముదం గిన్నె గడప దగ్గర పెట్టి, కొడుకు దగ్గు ఎన్నిసార్లు వచ్చిందో మనసులో లెక్కపెట్టుకుంటూ కూర్చునేది. ఆ దగ్గు ముదిరి నాన్న ఆసుపత్రి పాలయిన మూడేళ్ళు నన్ను నకరికల్లు పక్కన మా మేనమామ ఇన్నయ్య ఇంట్లో ఉంచారు. ఆ మూడేళ్ళూ అన్నం కుండ ముందు నేనూ, ఆయన కొడుకు జోజీ పక్కపక్కన కూర్చుంటే మామ ముందు నా కంచంలో పెట్టి, తర్వాతే జోజి కంచంలో పెట్టేవాడు. జొన్న అన్నమైనా, గోంగూరైనా, పండగనాటి మాంసమైనా అంతే. జోజి ఏడిస్తే "వాడి నాన ఆసుపత్రిలో ఉన్నాడు, నీ నాన ఇక్కడే ఉన్నాడు గదరా" అనేవాడు. ఆ మాట ఎప్పుడూ కోపంగా అనలేదు. మేమిద్దరం గుడ్డపీలికల బంతి చుట్టుకుని వాకిట్లో ఆడేవాళ్ళం. నేను చూరు కింద గోలీ, అంటే గోల్ కాసేవాణ్ణి, వాడు కొట్టేవాడు. జోజి ఎడమకాలివాడు. ఎటు చూసి కొట్టినా బంతి నా కుడిచేతి వైపే వచ్చేది. మూడేళ్ళు రోజూ పట్టుకున్నాను.

ఏటా క్రిస్మస్ ముందు నెల రోజుల్లో మిషను ఊళ్ళ మధ్య పందెం పెట్టేవాడు ఫాదర్. ఆ ఏడు నాలుగు జట్లు: మేము, నకరికల్లు వాళ్ళు, బొల్లాపల్లి వాళ్ళు, నడికుడి రైల్వే క్వార్టర్ల కుర్రాళ్ళు. నాకు పందొమ్మిదేళ్ళు, మా జట్టుకు గోల్‌కీపర్ని. బాలశౌరి కెప్టెన్. మేం మొదటి రెండూ ఓడి అప్పటికే బయటపడిపోయాం. నడికుడి ఫైనల్‌కు చేరింది. మిగిలిన ఒక్క చోటు బొల్లాపల్లికా, నకరికల్లుకా అన్నది మా ఆఖరి మ్యాచ్ మీద ఆగింది. నకరికల్లు మామీద ఆరు గోల్స్ తేడాతో గెలిస్తే వాళ్ళకి, ఒక్కటి తగ్గినా బొల్లాపల్లికి. అప్పటిదాకా మా సుద్దనేల మీద ఎవరూ ఎవరికీ మూడు మించి కొట్టలేదు. బొల్లాపల్లి వాళ్ళు ఫైనల్‌కి చొక్కాలు కుట్టించుకుని మరీ చూడటానికి వచ్చారు.

ఆ మ్యాచ్‌కి గీతలు మా నాన్నే వేశాడు, బట్టీ నుంచి బుట్టెడు సున్నం తెచ్చి, వంగి వంగి దగ్గుకుంటూ. వలలు లేవు. రెండు సరుగుడు కర్రలు, పైన ఒకటి. ఇటైనా అటైనా కర్రల వెనక పత్తి చేనే. సగం ఆటకు ఒక్క గోలే పడింది. అది కూడా మావాడి కాలికి తగిలి తిరిగింది. రెండో సగంలో నేను పడమటి వైపుకు తిరగాల్సి వచ్చింది. దిగిపోతున్న సూర్యుడు సరిగ్గా కర్రల ఎత్తున, కళ్ళల్లో ఉన్నాడు. రెండోది నిజంగా నాకు కనపడలేదు. మూడోది పడ్డాక మా వెనకవాళ్ళిద్దరూ తప్పు నీదంటే నీదని కొట్టుకునేదాకా వెళ్ళారు, ఒకడు చొక్కా విప్పి ఇంటికే పోయాడు. నాలుగోది నా చేతుల్లో పడి జారింది. ఐదోదానికి నా కాళ్ళు లేవలేదు. గోల్ కాసినవాళ్ళకే తెలుస్తుంది, మూడు దాటాక ఒంట్లో ఏదో వదిలేస్తుంది, బంతి ఎక్కడికి వస్తుందో తెలిసినా మనిషి అక్కడికి చేరడు. ఆ ఐదింటికీ ఏ దేవుడి ముందైనా నిలబడి సమాధానం చెప్పగలను.

ఇక ఆరోది. ఆట ఆఖరు నిమిషాల్లో, నకరికల్లు తరఫున ఆడుతున్న జోజి ఒక్కడే బంతి తీసుకుని వచ్చాడు, వాడికీ నాకూ మధ్య ఎవరూ లేరు. ఎదురుగా సున్నపు గీత అవతల, జనానికి కాస్త ఎడంగా, ఇన్నయ్య మామ నిలబడి ఉన్నాడు. తువ్వాలు మెడలో వేసుకుని, రెండు కొసలూ రెండు పిడికిళ్ళలో బిగించి పట్టుకున్నాడు. అరవలేదు, చెయ్యి ఊపలేదు. నేను ఆయన్ని చూశాను. జోజి కాలు ఎత్తాడు. బంతి నా కుడికి వస్తుందని నాకు నా పేరు తెలిసినంత బాగా తెలుసు. నేను ఎడమకి దూకాను. ఎందుకు దూకానో ఆ క్షణాన ఆలోచించుకోలేదు, తర్వాత మాత్రం ఆలోచిస్తూనే ఉన్నాను. ఎవరూ నన్ను అడగలేదు, ఎవరూ నాకేం ఇస్తామనలేదు. ఆ మనిషి మూడేళ్ళు నాకు ముందు పెట్టాడు. అంతే. బంతి పత్తి చేనులోకి పోయింది, నేను నేల మీద పడి ఉన్నాను, నోట్లో సున్నం రుచి.

విజిల్ కూడా వినపడకముందే బొల్లాపల్లి వాళ్ళు మైదానంలోకి వచ్చేశారు. "అమ్ముడుపోయాడు! మేనమామ ఊరికి ధారపోశాడు! పిల్లనిస్తామన్నారా ఏందిరా?" అని కేకలు. మామకు ఒక కూతురు ఉన్న మాట నిజమే. ఆ పిల్ల సంగతి నా మనసులో లేదన్నదీ నిజమే, కానీ ఆ రోజు ఎవరు వింటారు? మా వాళ్ళే నావైపు అదోలా చూస్తున్నారు. బాలశౌరి నా రెండు భుజాలూ పట్టుకుని లేపాడు. "నాకొక్కడికి చెప్పు. ఏం జరిగింది?" అన్నాడు. "ఎండ కళ్ళల్లో పడింది" అన్నాను. రెండోదానికి అది నిజం. వాడు ఆరింటికీ కలిపి నమ్మాడు. వెంటనే వెనక్కి తిరిగి, గుంపు మొత్తానికి ఎదురు నిలబడి, "మా చిన్నప్ప అట్టాంటోడు కాదు. వాణ్ణి అన్నోడు ముందు నన్నను" అని అరిచాడు. ఒకడు వాడి పెదవి పగలగొట్టాడు. నాకోసం కారిన ఆ నెత్తురు చూసి కూడా నేను నోరు విప్పలేదు.

మర్నాడు పూజ అయ్యాక గుడి మెట్ల మీద పెద్దలు కూర్చున్నారు. బొల్లాపల్లి నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. ఆట అమ్ముకున్నట్టు తేలితే ఆ ఊరు మూడేళ్ళు పందెంలోకి రాకూడదన్నది ఫాదర్ పెట్టిన నియమమే. అంటే నా ఒక్కడి పరువే కాదు, ఊళ్ళో పదిమంది కుర్రాళ్ళ ఆట నా మీద ఉంది. సాక్ష్యం ఎక్కణ్ణించి తెస్తారు? గంటసేపు వాదులాడుకున్నాక ఫాదర్ లేనప్పుడు గుళ్ళో జపాలు చెప్పించే మా ఉపదేశి దావీదు ఒక దారి చెప్పాడు. "క్రిస్మస్ నాడు వాడు సత్ప్రసాదం తీసుకుంటే చెయ్యనట్టు. తీసుకోకపోతే చేసినట్టు. పాపం దాచిపెట్టుకుని దేవుణ్ణి నోట్లో పెట్టుకునేవోడు మన ఊళ్ళల్లో పుట్టలేదు." సత్ప్రసాదమంటే పూజలో ఫాదర్ నాలుక మీద పెట్టే అప్పం, మాకది సాక్షాత్తూ దేవుడి శరీరం. బొల్లాపల్లి పెద్దలు వెంటనే ఒప్పుకున్నారు. ఫాదర్ మాత్రం మండిపడ్డాడు. "సత్ప్రసాదం ఏమన్నా ఒట్టు పెట్టుకునే చెంబు అనుకున్నార్రా?" అని చుట్ట విసిరికొట్టి లోపలికి వెళ్ళిపోయాడు. పెద్దలు ఆయన పోయేదాకా ఆగి, మళ్ళీ అదే మాట మీద చేతులు కలుపుకున్నారు. గుడిలో ఫాదర్ మాట, గుడి మెట్ల మీద పెద్దల మాట. మా ఊళ్ళో పద్ధతి అది.

ఆ వారం మా ఇంట్లో ఎవరూ ఆ విషయం ఎత్తలేదు, ఎత్తకపోవడమే నాకు నరకమైంది. అమ్మ పండక్కి అరిసెల పిండి దంచుతోంది, వాకిట్లో తమ్ముడు వెదురు బద్దలతో నక్షత్రం కడుతున్నాడు, నేను గోడకు ఆనుకుని కూర్చుని ఉండేవాణ్ణి. సత్ప్రసాదం తీసుకోకపోతే ఊరు మునుగుతుంది. పాపం చెప్పకుండా తీసుకుంటే నేను మునుగుతాను. అయోగ్యంగా తినేవాడు తన శిక్షను తానే తింటాడని ఏడేళ్ళప్పుడే వల్లెవేయించారు. నాన్న ఒక సాయంత్రం ఆముదం రాసుకుంటూ, నావైపు చూడకుండా, "పోతావా?" అన్నాడు. "పోతా నాన్నా" అన్నాను. నాయనమ్మ మాత్రం జపమాల ఆపి సూటిగా చెప్పింది. "ముందు పాపసంకీర్తనం చెయ్యరా. నువ్వు మింగేది మిఠాయి కాదు, దేవుణ్ణి." ఆమె నన్ను అనుమానించిందో, అందరికీ చెప్పే మాటే నాకూ చెప్పిందో తెలియదు. కానీ ఆ మాటతో నాకు దారి దొరికింది. పాపసంకీర్తనంలో ఫాదర్‌కి చెప్పేస్తాను. ఆయన క్షమిస్తాడు. బయటికి వెళ్ళి బాలశౌరికి, పెద్దలకు చెప్పమంటే చెబుతాను. ఏమైతే అదవుతుంది. వాక్యం కూడా తయారుచేసుకున్నాను: "ఫాదర్, ఆరో గోలు కావాలని వదిలేశాను." పడుకున్నా లేచినా అదే నోట్లో తిప్పుకున్నాను.

క్రిస్మస్‌కి మూడు రోజుల ముందు పొద్దున్నే గుళ్ళో పాపసంకీర్తనాలు మొదలయ్యాయి. ఊరు ఊరంతా వరసలో ఉంది. నేను లేచి ముందుకు నడుస్తుంటే గుసగుసలు ఆగిపోయాయి. మా గుళ్ళో పాపసంకీర్తనానికి పాత టేకుపెట్టె ఉండేది, మధ్యలో చిల్లుల పలక, దానికి అటు ఫాదర్, ఇటు మనం. మోకాళ్ళ మీద నిలబడి సిలువ గుర్తు వేసుకున్నాను. చుట్ట వాసన రాలేదు, అది నాకు వింతగా అనిపించింది. "ఆశీర్వదించండి ఫాదర్, పాపం చేశాను" అన్నాను. అవతల చప్పుడు లేదు. మళ్ళీ అన్నాను.

"పన్నెండు" అన్నాడు ఫాదర్.

నాకు అర్థం కాలేదు. "ఫాదర్, నేను చిన్నప్పని" అన్నాను.

"తెలుసురా. పన్నెండు కొట్టారు మా వాళ్ళ మీద. స్పెయిను వాళ్ళు. ఇప్పుడే రేడియోలో విని వచ్చా." ఆయన గొంతు ఎప్పటిలా లేదు, ఒక్కో మాటా ఎక్కణ్ణించో మోసుకొచ్చి పెడుతున్నట్టుంది. యూరప్ దేశాల పోటీలో స్పెయిను పైకి పోవాలంటే పదకొండు గోల్స్ తేడాతో గెలవాలట. అది జరిగే పని కాదని అందరూ అనుకున్నారట. సగం ఆటకు మూడు-ఒకటి. తర్వాత తొమ్మిది పడ్డాయి. పన్నెండు-ఒకటి. ఆ ఎండాకాలమే తమ ఊళ్ళో అదే స్పెయినుతో మూడు-రెండు దాకా తెచ్చి ఓడినవాళ్ళు. "రేడియోలో నవ్వుతున్నాడ్రా వాడు, వార్త చదివేవోడు. ఓడినందుకు నవ్వితే నేనూ నవ్వుతా, నాకు అలవాటే. అమ్ముకున్నారేమో అన్నట్టు నవ్వుతున్నాడు." కాసేపు ఊపిరి మాత్రమే వినపడింది. ఆయన ఏడుస్తున్నాడని తెలియడానికి నాకు కొంత సమయం పట్టింది. ఫాదర్లు ఏడుస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. నా వాక్యం నా నోట్లోనే ఉంది.

"చిన్నప్పా, నువ్వు గోలీవి. ఈ ఊళ్ళో ఇది అడగడానికి నాకు ఇంకొకడు లేడు" అన్నాడు. "ఒట్లు వద్దు, ప్రమాణాలు వద్దు. మనిషి మనసులో ఏ పాపం లేకుండా అన్ని గోల్స్ పడతాయా? నీకు ఆరు పడ్డాయి గదా. నువ్వు పడతాయంటే నమ్ముతా. నువ్వంటే నమ్ముతా."

పలకకు అటు ఆ ముసలాయన. తల్లీతండ్రీ చచ్చిపోతే కూడా ఓడ ఎక్కని మనిషి. ఈ ప్రపంచంలో తనదంటూ మిగుల్చుకున్నది ఆ ఓడిపోయే జట్టు ఒక్కటే, అదీ రేడియోలో. నేను తయారుచేసుకున్న నిజం చెబితే ఆయన నన్ను క్షమిస్తాడు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ పన్నెండింటినీ ఇక జన్మలో క్షమించలేడు. పలకకు నుదురు ఆనించాను.

"పడతాయి ఫాదర్" అన్నాను.

"నీకు ఆరూ అట్టానే పడ్డాయా?"

"ఆరూ ఫాదర్."

ఆ తర్వాత నోరు ఆగలేదు. ఎండ గురించి చెప్పాను. వెనకవాళ్ళు కొట్టుకుంటే గోలీ ఒంటరివాడు ఎలా అయిపోతాడో చెప్పాను. మూడు దాటాక కాళ్ళు ఎలా బరువెక్కుతాయో, చేతికి వచ్చిన బంతి కూడా ఎలా జారుతుందో, గెలిచేవాడికి ఆకలి పెరిగేకొద్దీ ఓడేవాడికి సిగ్గు కూడా ఎలా పోతుందో చెప్పాను. చెప్పినవన్నీ నిజాలు. ఐదు గోల్స్ నిజాలను విరగ్గొట్టి ఆరోదాని మీద కప్పాను. ఆయన మధ్యమధ్యలో "ఊ" అన్నాడు. "మూడు తర్వాతనా?" అని ఒకసారి అడిగాడు. "మూడు తర్వాతే ఫాదర్" అన్నాను. చివరికి ఒక పెద్ద ఊపిరి వదిలి, "అట్టా చెప్పు. అదీ సంగతి. వాళ్ళు అట్టాంటోళ్ళు కాదు, నాకు తెలుసు" అన్నాడు. బాలశౌరి నా గురించి అన్న మాటే ఆయన వాళ్ళ గురించి అన్నాడు. "సరే, నీ పాపాలేందో చెప్పు" అన్నాడు తర్వాత. అమ్మ మీద విసుక్కున్నానని, రెండుసార్లు పూజ ఎగ్గొట్టానని చెప్పాను. మూడు మంగళవార్త జపాలు ప్రాయశ్చిత్తం ఇచ్చి పంపాడు.

బయటికి వచ్చేసరికి గుడి మొత్తం నన్నే చూస్తోంది. నాయనమ్మ ఒక జపమాల పూర్తిగా ముగించి రెండోది మొదలుపెట్టిందట. అంతసేపు ఏం పాపాలు చెప్పాడని వరసలో అందరూ లెక్కలేసుకున్నారు. మూడు జపాలు చెప్పుకుని నేను లేస్తే, అంత పొడుగు పాపానికి అంత పొట్టి ప్రాయశ్చిత్తమా అని మరీ తికమక పడ్డారు. దావీదు నా వెనకే బయటికి వచ్చి, "అంతసేపు ఏందిరా?" అన్నాడు ఉండబట్టలేక. "ఏం లేదు" అన్నాను. ఫాదర్ ఏడుపు సంగతి ఎవరికైనా చెబితే అది ఇంకో పాపమవుతుందని నేను నిజంగానే నమ్మాను.

క్రిస్మస్ పగటి పూజకు బొల్లాపల్లి పెద్దలిద్దరూ వచ్చి ముందు స్తంభం పక్కన నిలబడ్డారు. నా ముందు నాన్న, నా వెనక బాలశౌరి, వాడి పెదవి మీద ఇంకా పక్కు ఉంది. వరస కదులుతుంటే నా కాళ్ళు ఆ ఐదో గోలప్పటికంటే బరువుగా ఉన్నాయి. ఇప్పుడైనా పక్కకు తప్పుకోవచ్చు. నాన్న సత్ప్రసాదం తీసుకుని తల వంచుకుని పక్కకు జరిగాడు. ఫాదర్ ఎదురుగా ఉన్నాడు. కళ్ళు ఇంకా ఎర్రగా ఉన్నాయి గానీ మొహం తేటపడింది. నన్ను చూడగానే కొద్దిగా నవ్వాడు కూడా. నేను నాలుక చాపాను. అది నా అంగిట్లో అంటుకుపోయి ఎంతకీ కరగలేదు. పూజ అయ్యాక బొల్లాపల్లి పెద్దలు దావీదు చెయ్యి పట్టుకుని ఊపి, అరిసెలు తిని, బండెక్కి వెళ్ళిపోయారు. దేవుణ్ణి నోట్లో పెట్టుకుని అబద్ధమాడేవాడు ఉండడని వాళ్ళు నిజంగా నమ్మారు. అంత నమ్మకం ఉన్న మనుషుల మధ్య పెరిగాను నేను, వాళ్ళను మోసం చేసినవాణ్ణి కూడా నేనే. ఇప్పటివాళ్ళయితే ఎవరూ అలా నమ్మరు. ఫోన్లో వీడియో అడుగుతారు.

నేను అంత చేసి పంపిన నకరికల్లు, తగువు తేలేదాకా ఆగిన ఫైనల్లో నడికుడి మీద రెండు గోల్స్‌తో ఓడిపోయింది. ఆరో గోలు ఎవరికీ పనికిరాలేదు. పండగ వెళ్ళాక మామ ఇంటికి పోయాను. భోజనాల దగ్గర ఇద్దరం కూర్చున్నాం. ఇన్నయ్య మామ ముందు జోజి కంచంలో వడ్డించాడు. తర్వాత నాకు. ఒక్క మాట అనలేదు, ఆ తర్వాత కూడా ఎన్నడూ అనలేదు, మర్యాదకు లోటు చేయలేదు. కానీ నేను ఎటు దూకానో ఆయన గీత అవతల నుంచి చూశాడు. మూడేళ్ళు వాకిట్లో మా ఆట చూసినవాడికి జోజి కాలు సంగతి ఒకరు చెప్పాలా? ఆయన అడగనిది ఇచ్చి ఆయన్ని తక్కువ చేశానని ఆ కంచం ముందు కూర్చున్నప్పుడు అర్థమైంది.

ఫాదర్ ఆఖరి రోజుల్లో తమ దేశం వెళ్ళిపోయి అక్కడే కన్నుమూశాడు. ఇప్పుడు మా పిల్లలు ఎక్కడెక్కడి ఆటలూ అరచేతిలో చూస్తున్నారు. ఆమధ్య నా మనవడు వెతికి పెడితే ఆ పన్నెండు గోల్స్‌నూ చూశాను, కళ్ళజోడు తుడుచుకుని, ఆపి ఆపి. నేను బంతిని చూడలేదు, గోల్‌కీపర్ పాదాలను చూశాను. ఎటు వాలాడు, ఎప్పుడు వాలాడు అని. నేను వెతికింది ఎక్కడా దొరకలేదు. అలిసిపోయిన మనిషి ఒకడు పడుతూ లేస్తూ ఉన్నాడు, అంతే. ఏమీ తెలియకుండా ఆ పొద్దున నేను చెప్పింది వాళ్ళ విషయంలో నిజమేననిపించింది. ఫోను మనవడికి ఇచ్చేశాను.

ఏటా క్రిస్మస్ ముందు పాపసంకీర్తనానికి వెళ్తూనే ఉన్నాను. ఇప్పుడు పెట్టె లేదు, కుర్చీ వేసి ఎదురుగా కూర్చోబెడుతున్నారు. ఆరో గోలు గురించి చెబుదామని ప్రతిసారీ అనుకుంటాను. దానికి సిగ్గుపడ్డాను, బాలశౌరి శవం ముందు నిలబడి మొన్న మళ్ళీ పడ్డాను. కానీ ఆ గోలు చెబితే, దాన్ని కప్పడానికి ఆ టేకుపెట్టెలో ఫాదర్‌తో ఆడిన అబద్ధం కూడా చెప్పాలి. పశ్చాత్తాపం లేనిదే క్షమాపణ లేదని నాకు నేర్పింది కార్మెల్ ఫాదరే. ఆ అబద్ధానికి పశ్చాత్తాపం తెచ్చుకుందామని నలభై ఏళ్ళుగా ప్రయత్నిస్తున్నాను. రావడం లేదు.